23 ఐపీ ఫోన్లకు ఒకే కాంటాక్ట్ లిస్టు పెట్టడం ఎలా?

ఫ్రంట్‌డెస్క్:
మా ఆఫీసులో 23 ఐపీ ఫోన్లున్నాయి, కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచేవి. 17 యేలింక్, 6 గ్రాండ్‌స్ట్రీమ్. ఎవరి నంబరు మారినా నేనే ఒక్కో టేబుల్ దగ్గరికీ వెళ్లి, "ఒక్క నిమిషం లేస్తారా" అని బతిమాలి, మెనూలో దూరి మార్చాలి. పేరులో 'ఎస్' పడాలంటే 7 బటన్ నాలుగుసార్లు నొక్కాలి. చేయి జారితే మళ్లీ మొదటికే.

మొన్న కొరియర్ వాళ్ల పాత నంబరు మూడు ఫోన్లలో మిగిలిపోయింది. ఆ నంబరు ఇప్పుడు ఎవరో పెద్దాయన దగ్గరుంది. మావాళ్లు నాలుగు రోజులు వరసపెట్టి ఆయన్నే "మా పార్సిల్ ఎక్కడ?" అని అడిగారట. ఐదో రోజు ఆయనే తిరిగి ఫోన్ చేశాడు. ఎత్తింది నేను, తిట్లూ నాకే.

లిస్టు నా దగ్గర ఎక్సెల్‌లో ఉంది, 140 పేర్లు. అక్కడ మారిస్తే అన్ని ఫోన్లలోనూ మారాలి. మా ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజి పెట్టినతను ఎల్‌డ్యాప్ సర్వర్ (పేర్లూ నంబర్లూ ఒకేచోట ఉంచి, ఫోన్లు అడిగినప్పుడు వెతికిచ్చేది) ఉండాల్సిందే అంటున్నాడు. నిజమేనా?

పాతతీగ:
140 పేర్లకి అంత హంగామా అక్కర్లేదండీ. ఈ రెండు రకాల ఫోన్లూ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు (గుర్తుల మధ్య వివరాలు రాసే మామూలు టెక్స్ట్ ఫైలు) చదువుతాయి. ఎప్పుడూ ఆన్‌లో ఉండే కంప్యూటర్ ఒకదాంట్లో చిన్న వెబ్ సర్వర్ పెట్టి ఫైలు అక్కడ ఉంచండి, ఫోన్లకి దాని అడ్రసు ఇవ్వండి. ఆఫీసు నెట్‌వర్క్ దాటి బయటికి కనబడనివ్వకండి, అందరి మొబైల్ నంబర్లూ అందులోనే ఉంటాయి.

ఒక్క చిక్కుంది. రెండు కంపెనీల ఫైళ్ల అమరిక వేరు. అందుకని ఎక్సెల్ ఒకటే ఉంచి, దాన్నుంచి రెండు ఫైళ్లు తీసే స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రామ్, రాయించుకోండి. యేలింక్‌కి ఫైలు పేరుతో సహా పూర్తి అడ్రసు ఇవ్వాలి. గ్రాండ్‌స్ట్రీమ్‌కి ఫోల్డర్ వరకే, 'ఫోన్‌బుక్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్' అన్న పేరు అదే తగిలించుకుంటుంది. దాంట్లో డౌన్‌లోడ్ ఇంటర్వెల్ (ఎంతసేపటికోసారి ఫైలు తెచ్చుకోవాలన్నది) 0 ఉంటే మళ్లీ తనంతట తాను తెచ్చుకోదు, చూసుకోండి.

సర్వర్‌రూమ్:
ఆ ఎక్స్ఛేంజి అతను చెప్పింది మరీ తప్పేం కాదు. ఉద్యోగుల వివరాలు ఇప్పటికే యాక్టివ్ డైరెక్టరీలో (ఆఫీసు లాగిన్లు, ఉద్యోగుల వివరాలు ఉంచే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ) ఉంటే ఎల్‌డ్యాపే సుఖం. పోర్టు 389, ఎన్‌క్రిప్షన్‌తో అయితే 636. కాకపోతే ఫోన్లలో పెట్టే అకౌంటుకి చదివే అనుమతి మాత్రమే ఉండాలి. అడ్మిన్ పాస్‌వర్డే పెట్టేసిన మహానుభావుల్ని చూశాను. మీ లిస్టులో సగం మంది కొరియర్, ఏసీ మెకానిక్ లాంటివాళ్లయితే మాత్రం వాళ్లందరినీ డైరెక్టరీలోకి ఎక్కించడం దండగ.

ఫ్రంట్‌డెస్క్:
సగం కాదు, ముప్పావు వంతు వాళ్లే! ఎక్స్‌ఎమ్‌ఎల్ దారే పట్టాను. కానీ ఏ ఫోన్లో చూసినా లిస్టు ఖాళీ. బ్రౌజర్‌లో తెరిస్తే 58వ లైను దగ్గర ఎర్రర్ అంటోంది. అక్కడున్నది మా స్టేషనరీ షాపు పేరే, చూడ్డానికి శుభ్రంగా ఉంది.

పాతతీగ:
పేరులో '&' ఉందా? ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఆ గుర్తుకి వేరే అర్థం ఉంది. దాని వెనకాలే ఏ, ఎం, పీ అక్షరాలు చిన్నబడిలో రాసి సెమీకోలన్ పెట్టాలి. లేదంటే ఆ ఒక్క పేరు కాదు, మొత్తం ఫైలే పనికిరాదు. ఆ మార్పు స్క్రిప్టులోనే పెట్టించండి, మీకు ప్రతిసారీ గుర్తుండదు.

ఫ్రంట్‌డెస్క్:
అదేనండీ! అన్ని ఫోన్లలోనూ పేర్లు వచ్చేశాయి. ఇంకొక్కటి: బయటికి చేయాలంటే మాకు ముందు 0 నొక్కాలి. లిస్టులో నంబర్లన్నిటికీ 0 తగిలించాను, కాల్స్ వెళ్తున్నాయి. కానీ వాళ్లు తిరిగి చేస్తే పేరు రావట్లేదు, ఉత్త నంబరే వస్తోంది.

సర్వర్‌రూమ్:
వచ్చే కాల్‌లో ఆ 0 ఉండదు కదా, మీ లిస్టులో ఉంది. రెండూ కలవవు. 0 తీసేసి, పొడవైన నంబరు వస్తే నేరుగా బయటి లైనుకి పంపమని ఎక్స్ఛేంజిలోనే రూల్ పెట్టించండి. మీ ఎక్స్‌టెన్షన్లు మూడంకెలవే అయితే గందరగోళం ఉండదు. యేలింక్‌లో, వచ్చే కాల్‌కి రిమోట్ ఫోన్‌బుక్‌లో పేరు వెతికే సెట్టింగు ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి.

ఫ్రంట్‌డెస్క్:
సెట్టింగు ఆఫ్‌లోనే ఉంది. ఆన్ చేశాను, పేర్లు వస్తున్నాయి. ఆ పెద్దాయన నంబరు కూడా లిస్టుకి ఎక్కించాను, 'చేయొద్దు, తిడతారు' అన్న పేరుతో. ఈసారి ఎత్తే ముందే నాకు తెలుస్తుంది.