సమస్య: "చూడనట్టి బొమ్మె చూడ మేలు" (2024 సినిమా లెక్కల పూరణలు)

గట్టుమీద మాస్టారు:
సార్వా ధాన్యం ఇళ్లకు చేరింది, దాళ్వాకి నారుమళ్లు పోశారు, పొద్దున్నే హరిదాసు వచ్చి వెళ్లాడు. ఏడాది చివరికొచ్చేశాం. ఈ ఏడు మనకు నచ్చిన బొమ్మలూ, నచ్చుతాయనుకుని వెళ్లి దెబ్బతిన్న బొమ్మలూ పద్యాల్లో చెప్పుకుందామని మొన్న అనుకున్నాం కదా, ఇదిగో సమస్య. ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి.

*చూడనట్టి బొమ్మె చూడ మేలు*

బొమ్మంటే మన వైపు సినిమా అని వేరే చెప్పక్కర్లేదు. ఇంకో అర్థం లాగగలిగితే మరీ మంచిది. చూడనిదాన్ని చూడటమేమిటి, అది మేలెలా అవుతుంది అన్న చిక్కు మీరే విప్పాలి. నియమాలు పాతవే. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వని కలవడం, నాలుగో గణం మొదటి అక్షరానికి. ప్రాస బెడద లేదు. ఇంగ్లీషు మాట పడితే పడనివ్వండి, అది వద్దంటే టికెట్టు కూడా కొనలేం. ఒక్క షరతు: నచ్చిన సినిమాకి పేరు చెప్పండి, నచ్చనిదానికి వద్దు.

కొబ్బరితోట (అమలాపురం):
పాత బొమ్మ మరల పర్వమనుచు వేసి
కాగితాలు చల్లి గంతులేల?
కొత్తవాడు తీయు గోదారి కథయుండ
చూడనట్టి బొమ్మె చూడ మేలు!

ఆగస్టు 9న జరిగిన సంగతండీ ఇది. ఒక పక్క 2001 నాటి "మురారి" మళ్లీ వేశారు. అదే రోజు "కమిటీ కుర్రోళ్ళు" వచ్చింది. మా వాళ్లంతా కాగితాలు చింపుకుంటూ పాతదానికి పోయారు. నేనొక్కణ్నే కొత్తదానికి వెళ్లాను. హాల్లో మొదటి ఆటకి ముప్పై మందిమి ఉంటాం. తెర మీద ఒకడు "ఆయ్" అనగానే నా వెనక సీట్లో పెద్దాయన కూడా "ఆయ్" అన్నాడు. ఈ ఏడు నాకు మిగిలిన ముచ్చట అదే.

గట్టుమీద మాస్టారు:
యతులు నాలుగూ కుదిరాయి. "కొ"కి "గో" హాయిగా ఉంది. ఒక్కటే ముల్లు: మొదటి పాదంలో బొమ్మ వేసేది హాలువాడు, రెండో పాదంలో గంతులేసేది జనం. కర్తలు ఇద్దరైనప్పుడు "వేసి" అనకూడదు. "పర్వమనుచు వేయ" అనండి, గణం అదే ఉంటుంది, వ్యాకరణం నిలబడుతుంది. ఇక పాత సినిమా మీద అంత కోపమెందుకు? పూర్ణా మార్కెట్లో కొన్నా పాత చింతపండుకి రేటెక్కువ.

రావులపాలెం బావ:
మాస్టారూ, పూర్ణా మార్కెట్టు వైజాగులో ఉంది, మన ఏటి పక్కన కాదు.

గట్టుమీద మాస్టారు:
మా పెద్దమ్మాయి ఉండేది అక్కడే బావగారూ. మీ పూరణ చూశాను. నాలుగో పాదాన్ని "చూడకున్న బొమ్మ చూడనేల" అని మార్చేశారు. ఇచ్చిన సమస్యను మార్చేస్తే చిక్కేముంది, విప్పేదేముంది? లెక్కలోకి రాదు.

భీమవరం అల్లుడు:
ముందె కథను చెప్పు ముక్కలు వదిలిన
హాలులోన నిద్ర, యావులింత;
ఫోను మూసిపెట్టి తిన్నగా పోయిన
చూడనట్టి బొమ్మె చూడ మేలు!

ట్రైలర్లమీదండీ. రెండు నిమిషాల ముక్కలో తండ్రి చావు, చెల్లెలి పెళ్లి, ఆఖరి ఫైటు, అన్నీ చూపించేస్తున్నారు. మిగిలింది ఇంటర్వెల్లో సమోసా.

గట్టుమీద మాస్టారు:
భావం అందరిదీనూ. మూడో పాదంలో యతి పోయింది, "ఫో"కి "తి" ఎలా చెల్లుతుంది? ఒక్క మాట మార్చండి:

ఫోను మూసిపెట్టి బుద్ధిగా పోయిన

ఫకారానికీ బకారానికీ మైత్రి ఉంది, ఓకారానికీ ఉకారానికీ ఉంది. పైగా "తిన్నగా" కన్నా "బుద్ధిగా" మీకు నప్పుతుంది, అల్లుడుగారు కదా. ఇంకోటి, ఆవులింత ముందొస్తుందా, నిద్ర ముందొస్తుందా?

భీమవరం అల్లుడు:
నాకు నిద్రే ముందొచ్చిందండీ. పక్కవాడి ఆవులింతకి మెలకువొచ్చింది.

లాకుల దగ్గర:
నాణెమెగురవేసి నడివీధి నిలిచితి
బొరుసు పడగ బోరు బొమ్మకేగి
మూడు గంటలచట మూల్గుచు తెలిసితి
చూడనట్టి బొమ్మె చూడ మేలు!

గట్టుమీద మాస్టారు:
ఇదండీ పూరణంటే! ఒక్క నిమిషం ఆగి మళ్లీ చదవండి. సినిమా బొమ్మని రూపాయి బొమ్మ చేశాడు. బొరుసు పడితే కనబడనిది బొమ్మే కదా. చూడని ఆ వైపే మేలు, చూడని ఆ సినిమాయే మేలు, రెండూ ఒక్క మాటలో ఇమిడాయి. సమస్యలో నేను దాచిపెట్టిన గుట్టు ఇదే. ఎవరో ఒకరు పడతారని వారం రోజులుగా చూస్తున్నాను.

"బోరు" ఇంగ్లీషే అయినా "బొరుసు, బోరు, బొమ్మ" అని వరసగా దొర్లింది, తీసేస్తే పద్యం చప్పబడుతుంది. "గంటలచట" దగ్గర కొంచెం నలిగింది. నలగనివ్వండి, మూడు గంటలు అక్కడ కూచున్నవాడు నలగడా మరి.

ఇంతకీ ఏమిటి సంగతి?

లాకుల దగ్గర:
సంక్రాంతి సంగతండి. జనవరి 12నే రెండు దిగాయి, 13న ఒకటి, 14న ఇంకోటి. పండగ మూణ్నాళ్లకి నాలుగు. పిల్లలు బావగారింట్లో, చేతిలో డబ్బులు ఒక్క ఆటకే. పాన్‌షాపు ముందు నిలబడి రూపాయి ఎగరేశాను. బొమ్మ పడితే "హనుమాన్", బొరుసు పడితే ఇంకోటి. బొరుసు పడింది. ఏదో అడక్కండి, మాస్టారి షరతుంది. తీరా సాయంత్రం ఇంటికొస్తే మా పెద్దాడు "నాన్నా, హనుమాన్ ఎంత బాగుందో" అని మొదలెట్టాడు. వాళ్ల మామయ్య తీసుకెళ్లాడట. రాత్రి అన్నాల దగ్గర కూడా అదే.

పాలకొల్లు పిన్ని:
అవ్వ కన్ను మసక, యది చెప్పుమని కోర
మనుమరాలు చెప్పె మాటలందు
ద్రోణసుతుడు లేచె దొడ్డగా మదిలోన
చూడనట్టి బొమ్మె చూడ మేలు!

మా అత్తగారికి రెండు కళ్లలోనూ శుక్లాలు. జూన్ 27న "కల్కి 2898 ఏడీ" వస్తే ఇంటిల్లిపాదీ వెళ్లాం, ఆవిడ రానన్నారు. రాత్రి మా అమ్మాయి పక్కన పడుకుని కథంతా చెప్పింది. అశ్వత్థామ ఎంత ఎత్తున్నాడో చేతులు చాపి చూపించింది, ఆవిడకి ఆ చేతులు కూడా ఆనవు. కురుక్షేత్రం అయ్యాక ఆరు వేల ఏళ్లకి జరిగే కథ అని అది అనగానే, "ఆగవే, భారతంలో కృష్ణుడు శపించింది మూడు వేల ఏళ్లకే కదా, మిగతా మూడు వేలూ ఎవరి కోసం తిరిగాడు?" అన్నారు. మూడు గంటలు కళ్లప్పగించి చూసిన మాకెవరికీ ఆ అనుమానం రాలేదు.

ఆత్రేయపురం:
పిన్నిగారూ, కథ అదిరింది గానీ మన వైపు అవ్వ అంటామా? అది సీమ మాట.

పాలకొల్లు పిన్ని:
యతి కోసం అలా పెట్టానండీ, "అవ్వ"కి "అది". మా పిల్లలు మామ్మ అనే పిలుస్తారు. ఇలా మారిస్తే?

మామ్మ కన్ను మసక, మరి చెప్పుమని కోర

గట్టుమీద మాస్టారు:
చెల్లింది. చెల్లడమే కాదు, మొదటిదానికన్నా బావుంది. "మరి చెప్పు" అనడంలో మంచం మీద నుంచి ముందుకు వంగిన మనిషి కనబడుతోంది. "ద్రో"కి "దొ" వేసి "దొడ్డగా" అన్నారు, అంత ఎత్తు మనిషికి తగ్గ మాటే. నాణెం పద్యంలో తెలివి ఉంది, దీనిలో మనుషులున్నారు. ఈసారి నా ఓటు దీనికే. లాకుల దగ్గర తమ్ముడు ఏమీ అనుకోకూడదు.

లాకుల దగ్గర:
నాకు ఓడిపోవడం జనవరి నుంచి అలవాటేనండి.

రాజోలు కుర్రోడు:
నాకు చందస్సు రాదు సార్. తప్పులుంటే తిట్టకండి.

నెల రోజులు ఆగితే ఇంటికే వచ్చును
అన్ని డబ్బులు పెట్టి హాలుకెందుకు

అక్టోబరు 31న వచ్చిన "లక్కీ భాస్కర్" నవంబరు 28కే నెట్‌ఫ్లిక్స్‌లో పెట్టేశారు. ఇరవై ఎనిమిది రోజులు. నాకు బాగా నచ్చింది, అయినా హాల్లో చూసుంటే బావుండేదనిపించింది. అసలు బాధ ఏంటంటే చూడాల్సిన లిస్టు ఒకటి రాసుకున్నాను, జనవరి నుంచి అది పెరగడమే తప్ప తరగడం లేదు.

గట్టుమీద మాస్టారు:
ముందు "ఛందస్సు" అని ఒత్తు పెట్టు బాబూ. మొదటి గణమే చూడు: "నెలరో" అంటే రెండు లఘువులు, ఒక గురువు. సూర్యగణమంటే మూడు లఘువులైనా ఉండాలి, లేదా గురువు తర్వాత లఘువైనా ఉండాలి. రాదని చెప్పి తప్పించుకోకు. తిరుపతి వేంకట కవులని జంటగా పద్యాలు చెప్పినవాళ్లలో తిరుపతి శాస్త్రిగారు పుట్టింది యండగండిలో, వేంకట శాస్త్రిగారు పుట్టింది కడియంలో. తాగేది ఆ నీళ్లే. నువ్వు చెప్పిన సంగతినే గణాల్లో పెడుతున్నాను, లిస్టు బాధతో సహా:

నెలకె యింటికొచ్చు నెట్టులో నెటులైన
వేలు పోయనేల వెండితెరకు?
చూతు రేపనుచును చూరెక్కె జాబితా
చూడనట్టి బొమ్మె చూడ మేలు!

చూరెక్కడమంటే తెలుసా? పూర్వం తాటాకింట్లో ఉత్తరాలూ రసీదులూ చూరులో దోపేవారు. దోపినదాన్ని మళ్లీ తీసిందెవరూ లేరు.

రాజోలు కుర్రోడు:
మా ఫోనే చూరు సార్ ఇప్పుడు. ఈ పద్యం స్టేటస్ పెట్టుకోవచ్చా?

గట్టుమీద మాస్టారు:
పెట్టుకో. మీ నాన్నగారు "వేలు పోయనేల" అన్న పాదం ఒక్కటే చదువుతారు.

ఆత్రేయపురం:
అందరివీ దిద్దారు, మీ పూరణేది మాస్టారూ?

గట్టుమీద మాస్టారు:
డిసెంబరు 4 రాత్రి "పుష్ప 2" ముందస్తు ఆటకి 800 రూపాయల టికెట్టు, పైన జీఎస్టీ. మా ఆవిడా నేనూ అంటే ఇద్దరం. మా అల్లుడు తీస్తానన్నాడు, వద్దన్నాను.

రేటు చూచి మరలి రేవుగట్టుకు చేరి
ఈలలాలకించి యింటికొస్తి
మిగిలె నోటు, మిగిలె మెదడులోపలి బొమ్మ
చూడనట్టి బొమ్మె చూడ మేలు!

రావులపాలెం బావ:
మాస్టారూ, "మరలి", "చేరి" అని గ్రాంథికంలో నడిచి నడిచి చివర్న "యింటికొస్తి" అంటారా? మేమే రాసుంటే వదిలేవారా?

గట్టుమీద మాస్టారు:
వదిలేవాణ్ని కాదు. "యింటి కేగి" అనొచ్చు, గణమూ యతీ చెడవు. కానీ జేబులో డబ్బు మిగుల్చుకుని వెనక్కొచ్చినవాడు ఏగడు బావగారూ, వస్తాడంతే.

పాలకొల్లు పిన్ని:
అదలా ఉంచండి. మీ ఊరి రేవుకీ హాలుకీ మధ్య మైలు దూరం ఉంది కదండీ. ఈలలు ఎలా వినబడ్డాయి?

గట్టుమీద మాస్టారు:
ఆ రాత్రి గాలి ఇటే కొట్టిందమ్మా.