అమ్మ ఉంటున్న ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇవ్వాలా, వద్దా?

మూడో_వీధి: వనస్థలిపురంలో నాన్న కట్టించిన 300 గజాల ఇల్లు. అమ్మ ఒక్కతే ఉంటోంది. అది పడగొట్టి ఫ్లాట్లు కట్టి సగం మీకు, సగం నాకు అని బిల్డర్ 50:50 అంటున్నాడు, అన్నయ్య అమెరికా నుంచి ఇచ్చేద్దామని రోజూ ఫోన్. నాకు మనసొప్పడం లేదు. కానీ 2018లో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చాక చుట్టూ అన్నీ అపార్ట్‌మెంట్లే, మేమొక్కళ్లం ఆగితే కాలనీ ఆగుతుందా?

పాత_కాపు: ఆగదు, అయినా ఇవ్వొద్దంటాను. డ్రైనేజీ లైన్ వేసినప్పుడు ఇంటికొక కుటుంబం, ఇప్పుడు అదే పైపుకి ఎనిమిదేసి పదేసి ఫ్లాట్లు. మా వీధిలో గట్టి వాన పడితే మ్యాన్‌హోల్ మూత లేస్తుంది, కింది వాటా బాత్‌రూమ్‌లోకి మురుగు ఎగదన్నుతుంది. హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ, అంటే ప్లాటు సైజుకి ఎన్ని రెట్లు కట్టొచ్చనే లెక్క, దానికి పరిమితే లేదు. రోడ్డు వెడల్పు, ప్లాటు సైజు చూసి ఎత్తు, సెట్‌బ్యాక్ (చుట్టూ వదలాల్సిన ఖాళీ) చెబుతారు, అంతే. ఆ సెట్‌బ్యాక్ కూడా కాగితం మీదే, పక్కింటి వంటింట్లో తాలింపు పెడితే మా హాల్లో తుమ్ములు.

లిఫ్ట్_కావాలి: పాత_కాపు గారూ, పైపుల బాధ నిజమే, అది తేల్చాల్సింది జలమండలి. వాళ్లమ్మ ఒక్కతే 300 గజాల ఇల్లు ఊడ్చుకుంటూ కూర్చుంటే ఆ పైపు పెద్దదవుతుందా? రాత్రిపూట ఒంట్లో బాగోలేకపోతే తలుపు తట్టడానికి పక్క ఫ్లాట్ ఉంటుంది, కింద వాచ్‌మన్ ఉంటాడు. సెంటిమెంట్ మనది, చీపురు ఆవిడది. పైగా రేపు అన్నదమ్ములు ఆ ఇంటిని మధ్యలో గోడ కట్టి పంచుకుంటారా?

పాత_కాపు: పక్క ఫ్లాట్‌లో ఎవరుంటారో ఏడాదికోసారి మారిపోతారండీ, అద్దెకిచ్చేవే ఎక్కువ. ఇప్పుడు ఆవిడ గేటు తీయకపోతే ఎదురింటివాళ్లు వచ్చి చూస్తారు.

దస్తావేజు: ఇవ్వడం ఇవ్వకపోవడం మీ ఇష్టం, ఇస్తే మాత్రం అగ్రిమెంట్ కమ్ జీపీఏ (ఒప్పందంతో పాటు మీ తరఫున బిల్డర్‌కి అధికారమిచ్చే కాగితం) గుడ్డిగా రిజిస్టర్ చేయకండి. పని మధ్యలో ఆపితే ఏంటి, అమ్మ అద్దె ఎవరు కట్టాలి, అన్నీ అందులో రాయించండి. ట్యాక్స్ విషయానికొస్తే, 2017లో తెచ్చిన మార్పు వల్ల క్యాపిటల్ గెయిన్స్, అంటే ఆస్తి చేతులు మారినప్పటి లాభం, అగ్రిమెంట్ రోజు కాదు, కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన ఏడాది లెక్కకొస్తుంది. డబ్బు అవసరమని మీ వాటా ఫ్లాట్ ఆ సర్టిఫికెట్ రాకముందే అమ్మేస్తే ఆ వెసులుబాటు పోతుంది, అన్నయ్యగారికి ఇది గట్టిగా చెప్పండి.

మూడో_వీధి: థ్యాంక్సండీ. ఇంకోటి, ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్ పైన వేసి అది పూర్తిగా మాకే ఇస్తానంటున్నాడు.

దస్తావేజు: మీకే ఎందుకిస్తున్నాడో ఆలోచించండి. అది వేస్తే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారమే కట్టారు, ఉండొచ్చు అని మున్సిపాలిటీ ఇచ్చేది) రావడం కష్టం, అది రాకపోతే పర్మిషన్ కోసం మున్సిపాలిటీకి తనఖా పెట్టిన 10 శాతం కట్టడం విడుదల కాదు. 2007లో, మళ్లీ 2015లో ఇలాంటి అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ పథకాలు వచ్చాయి కదా, ఇంకోటి రాకపోతుందా అని వాళ్ల ధైర్యం. ఫ్లాట్లు అమ్ముకుని అతను పోతాడు. నోటీసొస్తే అమ్మగారి పేరు మీదే వస్తుంది.