అన్నకు లాయర్ నోటీసు పంపడం తప్పా?

రాణిగంజ్ చిన్నవాడు:
మాది మోటార్లు, పంపుల దుకాణం. నాన్న పోయాక అన్న, నేను చెరి సగం వాటాతో భాగస్వామ్య పత్రం రాసుకున్నాం. రిజిస్టర్ చేయించలేదు. నాకు ఉద్యోగం ఉంది కాబట్టి దుకాణం అన్నే చూస్తాడు. లెక్కలు అడిగితే "నన్ను దొంగంటావా?" అంటాడు. ఆడిటర్ నా ఫోను ఎత్తడు. లాయర్ నోటీసు పంపమంటుంది నా భార్య, వద్దంటుంది అమ్మ. మీరేమంటారు?

బేగంబజార్ పెద్దకొడుకు:
పంపవద్దు. మా చిన్నాన్న మా నాన్న మీద దావా వేశాడు. పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టు చుట్టూ తిరిగి తిరిగి నాన్న మంచాన పడ్డాడు. గోదాములో ఇత్తడి బిందెలు అట్టపెట్టెల్లోనే నల్లబడ్డాయి. ఆ తరువాత రెండు ఇళ్ల మధ్య పెళ్లి పిలుపులు కూడా లేవు. పైగా మీ సంస్థ రిజిస్టర్ కాలేదు. కోర్టు గడప కూడా ఎక్కనివ్వరు.

లెక్కల శారద:
అది సగం నిజం. 1932 భాగస్వామ్య చట్టం సెక్షన్ 69 రిజిస్టర్ కాని సంస్థ భాగస్వామిని చాలా దావాల నుంచి ఆపుతుంది. కానీ సంస్థను రద్దు చేయమని, రద్దయిన సంస్థ లెక్కలు తేల్చమని అడిగే హక్కును అదే సెక్షన్ మినహాయించింది. పత్రంలో గడువు లేకపోతే ఒక్క రాతపూర్వక నోటీసుతో సంస్థ రద్దవుతుంది. ఆపై లెక్కల దావాకు మూడేళ్లే గడువు.

బేగంబజార్ పెద్దకొడుకు:
రిజిస్ట్రేషన్ లేదంటే లేదు. మినహాయింపులు లాయర్ల బతుకుతెరువు.

మల్కాజిగిరి వాసి:
మరి నాన్నగారి వాటాలో అమ్మకేం రాశారు?

కోఠి సుధాకర్:
భాగస్వామ్య వివాదం విలువ 3 లక్షల రూపాయలు లేదా అంతకు మించితే అది వాణిజ్య వివాదం కింద వస్తుంది. అత్యవసర ఉత్తర్వు అవసరం లేకపోతే దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. అక్కడ కూర్చోండి.

లెక్కల శారద:
పెద్దకొడుకు గారూ, భాగస్వామ్య చట్టం సెక్షన్ 12 ప్రకారం పుస్తకాలు చూసి నకలు తీసుకునే హక్కు ప్రతి భాగస్వామికీ ఉంది. "ఇంటి విషయం" అని నోరు మూయించడం నాకు బాగా తెలుసు. మా నాన్న పోయాక అన్నయ్యలు ఆయన వాటా లెక్క తేల్చకుండానే వ్యాపారం సాగించారు. అలాంటప్పుడు వారసులు లాభంలో భాగమో, ఏడాదికి 6 శాతం వడ్డీయో కోరవచ్చని సెక్షన్ 37 చెబుతుంది. నాకు రెండూ అందలేదు. రాఖీకి చీర మాత్రం పంపుతారు.

బేగంబజార్ పెద్దకొడుకు:
పుస్తకాలు, పుస్తకాలు! పొద్దున్నే షట్టర్ ఎత్తేది ఎవరు? అరువు వసూలుకు ఎండలో తిరిగేది ఎవరు? నేను పదో తరగతి మానేసి గల్లా దగ్గర కూర్చున్నాను. తమ్ముడి ఇంజినీరింగ్ ఫీజు ఆ గల్లాలోంచే కట్టాను. వాడు ఈ రోజు వచ్చి సగం ఏదంటే, నా వయసుకు లెక్క ఏ పుస్తకంలో ఉంది?

లెక్కల శారద:
ఇదీ అసలు మాట. చట్టం ఇక్కడ మీ వైపు లేదు. పత్రంలో రాసుకోకపోతే దుకాణం నడిపినందుకు భాగస్వామికి జీతం రాదు, సెక్షన్ 13. అది నాకూ అన్యాయమే అనిపిస్తుంది. అందుకే పత్రంలో జీతం రాసుకోవాలి. రాసుకోనందుకు తమ్ముడికి పుస్తకాలు దాచడం మాత్రం పరిష్కారం కాదు.

రాణిగంజ్ చిన్నవాడు:
మా అన్నా ఇంటర్ మధ్యలోనే ఆపేశాడు. పత్రంలో జీతం మాట లేదు. ఇంటి ఖర్చుకు గల్లాలోంచి తీసుకుంటాడు, ఎంతో నాకు తెలియదు. జీతం కట్టివ్వడానికి నాకు అభ్యంతరం లేదు.

బేగంబజార్ పెద్దకొడుకు:
అయితే ఆ మాట ముందు చెప్పండి. నోటీసులో కాదు, ఎదురుగా కూర్చుని. జీతం ఒప్పుకున్నాక పుస్తకాలు మీ అన్నే తెచ్చి చూపిస్తాడు.

లెక్కల శారద:
ముందు పుస్తకాలు. దుకాణం ఎంత సంపాదించిందో, ఆయన ఇప్పటికే ఎంత తీసుకున్నారో చూడకుండా జీతం ఎంతని తేలుస్తారు?

బేగంబజార్ పెద్దకొడుకు:
ముప్పై ఏళ్లు షట్టర్ ఎత్తినవాడిని ముందు ఖాతాలు చూపించమంటారు. నేను ఒప్పుకోను.