‘జీరో ఎట్ ద బోన్’: తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ పాము కవిత ఈ మాటతో ముగుస్తుంది. ‘వెన్నులో వణుకు’ అంటే సరిపోతుందా?

— చాలదండీ. వణుకంటే ఒళ్లు కదలాలి. ఇక్కడ ఊపిరి బిగబట్టి నిలుచుండిపోవడం. పైగా జీరో థర్మామీటర్ మాట. ఆవిడ ఊరు మసాచుసెట్స్‌లోని ఆమ్హర్స్ట్, అక్కడి లెక్క ఫారన్‌హీట్‌లో. నీళ్లు గడ్డకట్టేది 32 దగ్గర. సున్నా అంటే మన సెల్సియస్‌లో సుమారు మైనస్ 18. ‘శూన్యం’ అన్నారో, చలి పోయి వేదాంతం మిగులుతుంది.

— ‘ఎముకలో సున్నా’ అంటే?

— పైకి చదివి చూడండి, ‘ఎముకలో సున్నం’లా వినిపిస్తుంది. కాల్షియం మాత్రల ప్రకటన! ‘ఎముక దాకా సున్నా’ అంటే ఆ చిక్కు తప్పుతుంది. మూలంలో ఫెలో, అలోన్, జీరో, బోన్ అంటూ ‘ఓ’ మోగుతుంది. అంతదాకా అరకొరగా సాగిన ప్రాస అలోన్–బోన్ దగ్గర గట్టిగా కుదురుతుంది. మనకూ అంత్యప్రాస దొరుకుతోంది:

ఒంటరిగానైనా, పక్కన తోడున్నా
ఊపిరి బిగిసి, ఎముక దాకా సున్నా

— బాగుంది. శీర్షిక ‘పాము’ అని పెడదామా?

— వద్దండీ. కవితలో ఆ మాటే లేదు. 1866 ఫిబ్రవరిలో స్ప్రింగ్‌ఫీల్డ్ రిపబ్లికన్ పత్రిక ‘ద స్నేక్’ అని పేరు తగిలించి, కవి పేరు లేకుండా అచ్చేసింది. దాన్ని తన దగ్గర్నుంచి దోచుకున్నారని, విరామచిహ్నంతో మూడో పాదాన్ని చెడగొట్టారని, మూడూ నాలుగూ ఒకటేనని ఆవిడ తన సాహితీ మిత్రుడు హిగిన్సన్‌కు రాసింది. కాబట్టి తెలుగులోనూ మూడో పాదం చివర వాక్యం ఆగకూడదు.

— పేరెత్తకూడదంటే మనకు ‘పురుగు’ ఉందిగా? పాము కరిస్తే ‘పురుగు ముట్టింది’ అంటాం కదా.

— అది భయంతో వచ్చిన మారుపేరు. కవిత మొదట్లో భయం లేదు, చనువుంది. మొదటి పాదంలో పామును పిలిచిన ‘నారో ఫెలో’లో నారో సందుకో దారికో వాడే మాట, మనిషికి అతికించడంలోనే చమత్కారం. ‘ఇరుకు’ అంటే తెలుగులో నప్పదు. ‘సన్నపాటి ఆసామి’ అనండి, కొంత పోయినా ఆ వెటకారం నిలుస్తుంది. ప్రకృతి జనంలో చాలామంది తనకు తెలుసని, వాళ్లంటే ఆత్మీయత పొంగుతుందని చెప్పాక ‘కానీ’ అని ఈ ఫెలోనే మళ్లీ తెస్తుంది. అందుకని మొదటి పాదంలో ఆసామి అంటే చివరి చరణంలోనూ ఆసామే ఉండాలి. అక్కడ ‘ప్రాణి’ అనో ‘జీవి’ అనో మార్చారంటే, మొదట నవ్వించినవాడే చివర గడ్డకట్టించాడన్న సంగతి పాఠకుడికి అందదు.