మామూలు బ్యాగులో కెమెరా సర్దేదెట్లా?

ప్రశ్న: అన్నా, ఆదివారం తిరుపతి నుంచి బైక్ మీద తలకోన పోతున్నాం. ఉండేది కాలేజీ బ్యాగే. కెమెరా, రెండు లెన్సులు దాంట్లో ఎట్లా పెట్టాలి? కెమెరా బ్యాగు కొనే డబ్బుల్లేవు.

జవాబు: పాత యోగా మ్యాట్ కోసి అరలు చెయ్యి తమ్ముడూ. అడుగున రెండు పొరలు వెయ్యి, బ్యాగు దబ్బున కింద పెట్టేటప్పుడే ఎక్కువ దెబ్బ తగిలేది. థర్మోకోల్ వద్దు, పొడి రాలి లెన్సుకు అంటుకుంటుంది.

ఇంకో జవాబు: నీళ్ల సీసా మాత్రం బయటి జేబులోనే పెట్టు బ్రో. ఒకసారి నాది లోపలే మూత ఊడి, చంద్రగిరి కోట దగ్గర బ్యాగు తెరిస్తే లెన్సు చుట్టిన తువ్వాలు పిండితే నీళ్లొచ్చాయి! జలపాతం దగ్గర తుంపర కూడా పడుతుంది, ప్లాస్టిక్ కవర్ పెట్టుకో.

ప్రశ్న అడిగినాయన: థ్యాంక్స్ అన్నా. మ్యాట్ మా అక్కది ఉంది, అడక్కుండా కోస్తే చంపేస్తుంది.