మా డ్రిల్ సార్ రిటైర్ అవుతున్నారు, ఏం చేస్తే బాగుంటుంది?

చిత్తూరు దగ్గర మా హైస్కూల్లో ఏళ్ల తరబడి పీఈటీగా ఉన్న సారు వచ్చే నెల రిటైర్ అవుతున్నారు. శాలువా, దండ అందరూ వేస్తారు. ఆయనకి నిజంగా నచ్చేది ఏదైనా చేయాలని ఉంది, పాత స్టూడెంట్స్ చెప్పండి.

పాత 400 మీటర్ల రన్నర్: పొద్దున ఐదున్నరకే తాడు, టేపు, సున్నం డబ్బాతో గ్రౌండ్లో ఉండేవారు. బయటి లేన్ వాడు ముందెందుకు నిలబడతాడని అడిగితే, లేన్ వెడల్పు 1.22 మీటర్లు, వంపులో బయటి దారి పొడవెక్కువ, అందుకే 400 మీటర్ల పరుగులో రెండో లేన్ వాడు సుమారు 7 మీటర్లు ముందుంటాడని పుల్లతో నేల మీద గీసి చూపించారు. పై (π) విలువ ఎందుకో నాకు ఆరోజే అర్థమైంది, లెక్కల క్లాసులో కాదు.

పలమనేరు అమ్మాయి: తిరుపతిలో మీట్‌కి పంపనని మా నాయన అంటే, సారు మూడుసార్లు ఇంటికొచ్చి మాట్లాడారు. మూడోసారి వాళ్ల ఆవిడని కూడా వెంటబెట్టుకొచ్చారు, ఆమె మాతో వస్తుందని చెప్పాక గానీ మా నాయన ఒప్పుకోలేదు. రిలే బ్యాటన్ 28 నుంచి 30 సెంటీమీటర్లు ఉండాలని పీవీసీ పైపు కోసిచ్చారు, అది ఇప్పటికీ నా దగ్గరుంది.

రన్నర్: అయితే దాన్ని తీసుకురా అమ్మా. ఆరోజు మనమే 4×100 పరిగెత్తుదాం, సారు విజిల్ వేస్తారు.

అడిగినవాడిని: ఖాయం. సున్నం నేను తెస్తాను.