కప్పలు, తూనీగల కోసం చిన్న కుంట: గంబూసియా వదలొచ్చా?

ప్రశ్న:
పెరట్లో 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 60 సెం.మీ. లోతున కుంట తవ్వాను. గోడలు నాలుగు వైపులా నిటారుగానే ఉన్నాయి. కప్పలు, తూనీగలు రావాలని ఆశ. దోమలకు గంబూసియా చేపలు వదలమంటున్నారు. వదలొచ్చా? నీళ్లు ఇంకకుండా పరిచే షీటు (లైనర్) ఎంత పడుతుంది? నింపేది కుళాయి నీళ్లే.

జవాబు 1:
గంబూసియా జోలికి పోకండి. దోమ పిల్లలతోపాటు కప్ప గుడ్లనూ తోకకప్పలనూ తినేస్తుంది. నేరుగా పిల్లల్నే కంటుంది కాబట్టి, వానకు కుంట పొంగి ఒక్క చూడి చేప కాలవలో పడ్డా అక్కడ కొత్త మంద తయారవుతుంది.

అంతకన్నా ముందు ఆ గోడల సంగతి చూడండి. అప్పుడే కాళ్లొచ్చిన కప్పపిల్ల నిటారు లైనర్ మీద జారి జారి, గట్టెక్కలేక మునిగి చస్తుంది. పొడవులో ఒక కొసన 1:3 వాలు తీయండి. 60 సెం.మీ. లోతుకు 1.8 మీటర్లు పోతుంది, మిగతాది లోతుగానే ఉంటుంది.

లైనర్‌కు లెక్క: పొడవు, లోతుకు రెండింతలు, రెండు అంచులకు 30 సెం.మీ. చొప్పున. మీకు 4.8 × 3.8 మీటర్లు. కింద 5 సెం.మీ. ఇసుక పరవండి, లేకపోతే రాతి మొన గుచ్చుకుంటుంది.

జవాబు 2:
కుళాయి నీళ్లలోని క్లోరిన్ ఒకటి రెండు రోజుల్లో ఎగిరిపోతుంది, క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) కలిపి ఉంటే మాత్రం అలా పోదు. వాన నీళ్లే మేలు. అడుగున తోటమట్టి వెయ్యకండి, అందులోని ఎరువుసారానికి నీళ్లు పచ్చగా నాచు పడతాయి. కడిగిన ఇసుక చాలు. గుర్రపుడెక్క అసలే వద్దు.

తుంగలాంటి నిలువు కాడలు మాత్రం తప్పనిసరి. తూనీగ పిల్ల కాడ పట్టుకుని నీటిపైకి పాకుతుంది, వీపు చీలి తూనీగ బయటికొస్తుంది. కాడకు అంటుకున్న ఎండు పొర కనిపిస్తే మీ కుంటలో అవి పెరుగుతున్నట్టే.

ప్రశ్న అడిగినవారు:
మరి దోమలండీ? కప్ప గుడ్లు ఇంకో చెరువు నుంచి తెచ్చి వెయ్యనా?

జవాబు 3:
తేవద్దు. ఆ నీళ్లతో కైట్రిడ్ శిలీంధ్రం రావచ్చు, అది కప్పల చర్మాన్నే పాడుచేస్తుంది. దగ్గర్లో కప్పలుంటే వాటంతటవే వస్తాయి. తూనీగ పిల్లలు, నీటి పురుగులు కుదురుకున్నాక దోమ పిల్లల్ని చాలావరకు అవే తింటాయి. అందాకా బీటీఐ (దోమ పిల్లల్ని చంపే బ్యాక్టీరియా) బిళ్లలు, పొట్లం మీది మోతాదు దాటకుండా వాడండి. నూనె మాత్రం పొయ్యకండి. గాలి కోసం పైకొచ్చే నీటి పురుగులు కూడా ఊపిరాడక చస్తాయి.